పుల్లరి కట్టం అన్న పల్లెలు

పుల్లరి అంటే ఏమిటో ఈనాటి రైతు బిడ్డలకు విడమర్చి చెప్పవలసి వస్తుంది. అడవిలోనో, కొండవాలు బీళ్లలోనో గొడ్డును మేపుకున్నందుకు సర్కారుకు కట్టే పన్ను పుల్లరి. ఎద్దుకింత, ఆవుకింత, మేకకింత అని రేటు కట్టి, తలలు లెక్కబెట్టి వసూలు చేసేవాళ్లు. కట్టినవాడికి పర్మిట్టు, కట్టనివాడి గొడ్డు బందెలదొడ్డికి. నూరేళ్ల కిందట గుంటూరు జిల్లా పల్నాడు తాలూకా రైతులు ఈ గడ్డిపన్ను దగ్గరే తెల్లదొరతనానికి అడ్డం తిరిగారు. కట్టం అన్నారు. ఆ మాట మీద నిలబడ్డందుకు తుపాకి గుళ్లు తిన్నారు.

స్వాతంత్ర్యోద్యమం అంటే మన పిల్లలు చదివే పుస్తకాల్లో మహాసభలు, తీర్మానాలు, రౌండు టేబుళ్లు కనిపిస్తాయి. అవి జరగలేదని ఎవరూ అనరు. కానీ ఆ తీర్మానాలకు బలం ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడాలి గదా! లక్షల పల్లెల్లో మామూలు రైతు, కూలి, గొడ్లకాపరి ఈ ఉద్యమంలోకి ఎందుకు దిగారు? వాళ్లకు స్వరాజ్యం అంటే ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే పుల్లరి రసీదు దగ్గరినుంచి మొదలుపెట్టాలి.

ఈ వారం రెండు పోరాటాల సంగతి చెప్పుకుందాం. ఒకటి 1921–22లో పల్నాడులో గడ్డి కోసం జరిగింది. రెండోది 1940లో శ్రీకాకుళం సీమ మందసలో కట్టెల కోసం జరిగింది. రెండుచోట్లా రైతులు ప్రాణాలిచ్చారు. వాళ్లు అడిగినది వాళ్ల మనవలకైనా దక్కిందా అన్నది మన ముందున్న ప్రశ్న.

అడవికి గీత గీసిన చట్టం

1882లో మద్రాసు ప్రభుత్వం అడవుల చట్టం చేసింది. దాంతో అప్పటిదాకా ఊరి ఉమ్మడి సొత్తుగా చెలామణి అయిన కొండలు, గుట్టలు, చిట్టడవులు వరసబెట్టి రిజర్వు అడవులయ్యాయి. రాళ్లు పాతి హద్దులు వేశారు. హద్దుకు ఇవతల ఊరు, అవతల సర్కారు. నిన్నటిదాకా తాతలనాటినుంచి పశువును తోలుకుపోయిన బాటలోనే ఇవాళ తోలితే నేరమయింది.

రైతుకు అడవితో పని ఒక్క మేతకే కాదు. నాగలికి, కాడికి, బండి ఇరుసుకు కర్ర కావాలి. ఇంటికి వాసాలు కావాలి. చేను చుట్టూ కంప కావాలి. పొలానికి ఆకు ఎరువు కావాలి. పొయ్యిలోకి కట్టె కావాలి. వానలు ఎగ్గొట్టిన ఏడు పశువు బతకాలంటే అడవి తప్ప దిక్కు లేదు. వీటన్నిటికీ ఇప్పుడు గార్డు దయ కావలసి వచ్చింది. చట్టంలో రాసిన రుసుము ఒకటి, చట్టంలో లేని మామూలు ఇంకొకటి. నెయ్యి, కోళ్లు, పెరుగు, ఊళ్లో మకాం వేసినప్పుడు వెట్టి. పర్మిట్టు ఉన్నవాడు కూడా గొడ్డు గీత దాటిందనే మాట పడకుండా బయటపడేవాడు కాదు. పశువు చదువుకోలేదు గదా, హద్దురాయి చూసి ఆగడానికి!

ఈ బాధలు సర్కారుకు తెలియక కాదు. 1913లో మద్రాసు ప్రభుత్వమే ఒక అటవీ కమిటీ వేసి రైతుల ఫిర్యాదులు విన్నది. ఊళ్ల దాపున ఉన్న కొన్ని అడవులను పంచాయతీలకు అప్పగించవచ్చునని ఆ కమిటీ చెప్పింది. అయినా పల్నాడు వంటి మెట్ట తాలూకాల్లో గార్డు పెత్తనం అలాగే సాగింది.

పల్నాడు ఎటువంటి సీమో తెలుగువాళ్లకు చెప్పనక్కర లేదు. ఒక పక్క కృష్ణ పారుతున్నా ఆ కాలంలో పొలానికి నీరెక్కేది కాదు. రాతి నేలలు, వానను నమ్ముకున్న జొన్న, సజ్జ. పంట పోయిన ఏడు ఇల్లు నిలబెట్టేది పాడి, మంద. అందుకే పుల్లరి అక్కడి ఇంటికి నేరుగా తగిలింది.

భూమి లేనివాడికీ తగిలిన పన్ను

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. భూమిశిస్తు పట్టాదారుకు తగులుతుంది. నాలుగెకరాలున్నవాడికి కొంత, నలభై ఎకరాలున్నవాడికి ఇంకొంత. భూమి లేనివాడికి శిస్తు గొడవ దూరపు గొడవ. పుల్లరి అలా కాదు. జత ఎడ్లున్న రైతుకూ తగిలింది, రెండు మేకలున్న కూలికీ తగిలింది. మందలు తోలే గొల్లకూ, అడవినే నమ్ముకున్న చెంచుకూ, లంబాడీకీ తగిలింది. ఊళ్లో తగాదాలు ఎన్ని ఉన్నా గార్డును చూస్తే అందరికీ ఒకటే మంట. పల్నాడులో ఉద్యమం అంత లోతుకు పోవడానికి కారణం ఇదే. ఒక వర్గానికే తగిలే పన్ను మీద లేచిన ఉద్యమం ఆ వర్గం అలిసిపోతే ఆగిపోతుంది. ఊరందరికీ తగిలే పన్ను మీద లేచినది అంత తేలిగ్గా ఆగదు.

1920–21లో సహాయ నిరాకరణ పిలుపు వచ్చేసరికి పల్నాడు పల్లెలు దానికి తమ అర్థం తాము చెప్పుకున్నాయి. నగరాల్లో వకీళ్లు కోర్టులు మానేశారు, పిల్లలు బడులు మానేశారు. పల్నాడు రైతుకు మానడానికి కోర్టూ బడీ ఎక్కడున్నాయి? అతను మానగలిగింది పుల్లరి. అతను నిరాకరించగలిగింది గార్డుకు సహాయం. గొడ్లను పర్మిట్టు లేకుండా అడవికి తోలారు. అటవీ ఉద్యోగులకు ఊళ్లో సాంఘిక బహిష్కారం పెట్టారు. చాకలి బట్టలుతకలేదు, మంగలి క్షవరం చెయ్యలేదు, కొట్లో సరుకు పుట్టలేదు. కడప జిల్లా రాయచోటి తాలూకాలోనూ ఇలాంటి అటవీ సత్యాగ్రహమే నడిచింది.

ఆ బహిష్కారం నడిపించినవాళ్లలో పట్టాదారుల పేర్లే చరిత్రలో మిగిలాయి. కానీ సర్కారు ఉద్యోగి గడప తొక్కనన్న చాకలి, మంగలి పోగొట్టుకునేది రోజుకూలి. దెబ్బ తగిలితే ముందు తగిలేది వాళ్లకే. ఆ సంగతి విస్మరించరాదు.

1921 జులైలో పల్నాడు రైతుల బాధలు విచారించడానికి కాంగ్రెసు తరఫున ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు బయలుదేరారు. ప్రభుత్వం నిషేధపు ఉత్తరువు ఇచ్చి, లెక్కచెయ్యనందుకు ఇద్దరినీ అరెస్టు చేసింది. ఏడాది శిక్ష పడింది. ఉన్నవవారు జైల్లో ఉండగా రాసిన నవలే ‘మాలపల్లి’. భూమి లేని వ్యవసాయ కూలి కుటుంబాన్ని తెలుగు నవలకు నడిమధ్య నిలబెట్టిన పుస్తకం అది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. రైతుల పుల్లరి గోడు వినబోయిన మనిషికి శిక్ష వేస్తే, ఆ శిక్షలోనుంచే ఈ నవల పుట్టుకొచ్చింది.

పెదనందిపాడులో శిస్తు నిరాకరణ

అదే సమయంలో ఇదే జిల్లాలో తూర్పున మరో పోరు మొదలైంది. 1921 నవంబరులో ఢిల్లీలో కూడిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ, పన్నుల నిరాకరణతో సహా శాసనోల్లంఘనకు రాష్ట్రాలకు అనుమతి ఇచ్చింది. దాన్ని అందుకొని పెదనందిపాడు ఫిర్కా రైతులు భూమిశిస్తు కట్టడం ఆపేశారు. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకుడు. శాంతిసేన పేర వాలంటీర్లు ఊరూరా తిరిగారు. మునసబులు, కరణాలు రాజీనామాలు ఇచ్చారు. ఊరి లెక్కలు చూసేవాడు లేక తాసీల్దారు చేతులు కట్టేసినట్లయింది. సర్కారు జప్తులకు దిగితే, జప్తు చేసిన సరుకు పాడుకునేవాడు దొరకలేదు. సైన్యాన్ని దింపి ఊళ్ల మీదుగా కవాతు చేయించారు. అయినా రైతులు చెదరలేదు.

చీరాల–పేరాల సంగతి కూడా ఇక్కడ తలచుకోవాలి. పురపాలక సంఘం పన్నులు మోయలేమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట అక్కడి జనం 1921లో ఊరే ఖాళీ చేసి, బయట రామనగర్ కట్టుకొని నెలల తరబడి గడిపారు. వాళ్లలో నేత పనివాళ్లు ఎందరో ఉన్నారు. ఒకే జిల్లాలో ఒకచోట శిస్తు, ఒకచోట పట్టణం పన్ను, ఒకచోట పుల్లరి. ముడి ఒకటే. మమ్మల్ని అడగకుండా మా మీద పన్ను ఏమిటి అన్నది ఆ ముడి.

అయితే పెదనందిపాడుకూ పల్నాడుకూ ఒక తేడా ఉంది. పెదనందిపాడులో ఉద్యమం చక్కగా కూడదీసుకున్న పట్టాదారుల చేతుల్లో ఉంది. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్న మాట పైనుంచి వస్తే కిందికి దిగుతుంది. పల్నాడులో పోరు అలా ఎవరి మాటకోసమో ఎదురుచూసింది కాదు. నాయకులు జైల్లో ఉన్నా ఊళ్లే నడిపించుకున్నాయి.

బార్డోలీ నుంచి వచ్చిన కబురు

1922 ఫిబ్రవరి 4న ఉత్తరప్రదేశంలోని చౌరీచౌరాలో పోలీసులు ఊరేగింపు మీద కాల్పులు జరిపారు. కోపం పట్టలేని జనం ఠాణాకు నిప్పు పెట్టారు, లోపలున్న పోలీసులు చనిపోయారు. గాంధీజీ ఉద్యమాన్ని నిలిపివేశారు. ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గం ఆ మేరకు తీర్మానం చేసింది. హింస జరిగింది కనుక ఆపారన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆ తీర్మానంలో ఇంకా ఏముందన్నది మన పుస్తకాలు తక్కువగా చెబుతాయి.

సర్కారుకు రావలసిన శిస్తు, పన్నులు కట్టెయ్యవలసిందని రైతులకు చెప్పమని అందులో ఉంది. జమీందార్లకు కౌలు ఆపడం కాంగ్రెసు తీర్మానాలకు విరుద్ధమనీ, దేశానికి చెరుపనీ రైతులకు నచ్చజెప్పమని ఉంది. జమీందార్ల న్యాయమైన హక్కుల మీదికి పోవడం ఉద్యమ ఉద్దేశం కాదని వాళ్లకు హామీ ఇచ్చిన మాట కూడా ఉంది. చౌరీచౌరాలో జరిగినదానికీ జమీందారు కౌలుకూ ఏమిటి సంబంధం? అహింస ఒక్కటే ఉద్దేశమైతే ఈ మాటలు అవసరం లేదు. రైతు తన పన్ను గొడవతో స్వరాజ్య ఉద్యమంలోకి వస్తున్నకొద్దీ, ఆ గొడవ దొరల దగ్గర ఆగదు, ఊరి భూస్వామి దాకా వస్తుంది అన్న బెదురు ఆ తీర్మానంలో కనిపిస్తుంది.

గాంధీజీ పెట్టిన నియమాలను తేలిక చెయ్యనక్కర లేదు. పెదనందిపాడు విషయంలో ఆయన మొదటినుంచీ ఖద్దరు, అంటరానితనం పోవడం, అహింస మీద పట్టు వంటి షరతులు అడుగుతూనే ఉన్నారు. తయారు కాని జనాన్ని సైన్యం ముందుకు తోస్తే నష్టపోయేది పేదలే అన్న భయంలో న్యాయం ఉంది. కాని ఉద్యమం ఆగిన తరువాత ఆ పేదల మాట ఏమయింది? పెదనందిపాడు రైతులు శిస్తు కట్టేశారు. పల్నాడులో వెనక్కి మళ్లడం అంత సులువు కాలేదు.

మించాలపాడు

ఇప్పటి పల్నాడు జిల్లా దుర్గి మండలంలో కోలగట్ల పక్కన చిన్న పల్లె మించాలపాడు. కన్నెగంటి హనుమంతు అక్కడి రైతు. పుల్లరి కట్టవద్దని చుట్టుపక్కల ఊళ్లను నిలబెట్టిన మనిషి. బార్డోలీ తీర్మానం జరిగి రెండు వారాలు తిరక్కుండానే, ఫిబ్రవరి నాలుగో వారంలో, పోలీసులు, అధికారులు మించాలపాడు మీదికి వచ్చారు. జనం ఎదురునిలిచారు. పోలీసులు కాల్పులు జరిపారు. హనుమంతు నేలకొరిగాడు. గుళ్లు తగిలి పడి ఉన్న మనిషి దాహమంటే నీళ్లు కూడా పొయ్యనివ్వలేదని పల్నాట నేటికీ చెప్పుకుంటారు.

ఈ మరణం ఎప్పుడు జరిగిందో మరోసారి చూడండి. ఉద్యమం కాగితం మీద ఆగిపోయిన తరువాత జరిగింది. అంటే హనుమంతు ఏ తీర్మానం కిందా చనిపోలేదు. పశువుకు మేత హక్కు అన్న దాని కింద చనిపోయాడు. దొరతనం తనను ఎదిరించినవాణ్ని ఏ తీర్మానం తేదీ చూసి వదిలెయ్యలేదు. తీర్మానం వాపసు తీసుకుంటే నాయకుడు ఇంటికి పోగలడు. పల్లె ఎక్కడికి పోతుంది? దాని అడవి అక్కడే, దాని గొడ్డు అక్కడే, గార్డూ అక్కడే.

అదే ఏడాది ఆగస్టులో మన్యం లేచింది. ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను అల్లూరి సీతారామరాజు దళం ముట్టడించి తుపాకులు పట్టుకుపోయింది. దానికి కారణాలు వెతికితే మళ్లీ అడవే. పోడు మీద ఆంక్షలు, రోడ్ల పనిలో కూలి ఇవ్వకుండా గిరిజనుల చేత వెట్టి. పల్నాడుది సత్యాగ్రహం, మన్యానిది సాయుధ తిరుగుబాటు. దారులు వేరు. ఇద్దరినీ బయటికి లాగిన చట్టం 1882 నాటి ఆ ఒక్క చట్టమే. 1924 మే 7న సీతారామరాజును కాల్చి చంపారు. ఆయన వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్లో శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మన్యం పోరాటాన్ని జనం మరిచిపోలేదనడానికి ఇంతకన్న రుజువేం కావాలి?

మందస కట్టెల బండ్లు

రైతాంగం ఈ పాఠాలను వృథా పోనివ్వలేదు. 1922లో ఊరూరా విడివిడిగా నిలబడినవాళ్లు తరవాత పదిహేనేళ్లలో సంఘాలు కట్టారు. ఆంధ్ర రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా కాలినడకన యాత్ర చేశారు. 130 రోజులు, 1,500 మైళ్లు. దారిలో వందల సభలు పెట్టారు. 1,100కు పైగా అర్జీలు పోగుచేసి 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకు సమర్పించారు. జమీందారీల మీద విచారించడానికి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన వేసిన కమిటీ ఆ ఏడాదే నివేదిక ఇచ్చింది. భూమి మీద హక్కు రైతుదే, కౌళ్లు 1802 నాటి రేట్లకు దించాలి అన్నది దాని సారాంశం. 1939లో కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా ఇచ్చేలోపు అది చట్టం కాలేదు. రైతు మళ్లీ ఉన్నచోటే ఉన్నాడు.

ఆ స్థితిలో మందస వచ్చింది. మందస అప్పుడు విశాఖపట్నం జిల్లాలో జమీందారీ. అడవి జమీందారుది. తరతరాలుగా రైతులు వంటచెరుకుకు, నాగళ్లకు కర్ర తెచ్చుకుంటున్న అడవిలో జమీందారు ఆంక్షలు పెట్టాడు. 1940 మార్చి నెలాఖరులో అక్కడికి దగ్గరలోని పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. అధ్యక్షుడుగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్‌ను సభకు రానివ్వకుండా ముందే నిర్బంధించారు. అయినా సభ జరిగింది. ఆ సభ వేడిలో మందస రైతులు కదిలారు. బండ్లు కట్టుకొని అడవికి పోయి కట్టెలు కొట్టి బాహాటంగా తెచ్చుకున్నారు.

ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురం గ్రామానికి పోలీసులు అరెస్టులకు వచ్చారు. ఊరు అడ్డం నిలిచింది. ముందు నిలిచినవాళ్లలో సాసుమాన గున్నమ్మ ఉంది. పోలీసులు కాల్చారు. గున్నమ్మతోపాటు మరికొందరు రైతులు అక్కడే ప్రాణాలు విడిచారు. ఆమె అప్పటికి నిండు గర్భిణి అని ఆ సీమ జనం చెప్పుకుంటారు.

పల్నాడులో అడవి సర్కారుది. మందసలో అడవి జమీందారుది. అయినా రెండుచోట్లా తుపాకి పట్టుకొచ్చింది ఒకే పోలీసు. జమీందారు కట్టెలమోపుకు కాపలా కాసింది లండన్ ప్రభుత్వపు తుపాకి. ఈ ఒక్క సంగతి చాలు, రైతు చేసిన ‘సొంత గొడవ’ వేరు, స్వాతంత్ర్య పోరాటం వేరు అనేవాళ్లకు జవాబు చెప్పడానికి. 1922లో బార్డోలీ తీర్మానం జమీందారు హక్కుకు అభయమిచ్చింది. 1940లో ఆ హక్కును నిలబెట్టడానికి గున్నమ్మను కాల్చారు. దొరతనానికీ జమీందారుకూ మధ్య ఉన్న ఆ ముడిని మందస రైతు మహాసభల పండితులకన్న ముందే పట్టుకున్నాడు.

కాగితం లేని యోధులు

1947లో దొరలు పోయారు. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందార్లూ పోయారు. ఇది ఊరికే వచ్చిన చట్టం కాదు. ఇచ్ఛాపురం నుంచి నడిచిన కాళ్లు, గుడారి రాజమణిపురంలో కారిన నెత్తురు దాని వెనుక ఉన్నాయి. కానీ ఎస్టేటు అడవులు ప్రభుత్వానికి దఖలుపడ్డాయి. అంటే జమీందారు ఠాణేదారు పోయి రేంజరు వచ్చాడు. పేరు మారింది, హద్దురాయి మారలేదు.

1972 ఆగస్టు 15 నుంచి కేంద్ర ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులకు పింఛను ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. సాధారణంగా ఆరు నెలల జైలుశిక్ష అనుభవించి ఉండాలి. అమరుల కుటుంబాలకూ, ఆస్తులు జప్తయి పోగొట్టుకున్నవాళ్లకూ పథకంలో చోటుంది. కానీ దేనికైనా కాగితం చూపాలి. జైలు రికార్డో, కోర్టు తీర్పో, గుర్తింపు ఉన్న తోటి యోధుడి సర్టిఫికెట్టో. ఇప్పుడు పల్నాడు గొడ్లకాపరి సంగతి ఆలోచించండి. అతని మేకలు బందెలదొడ్డిలో పడి ఎండిపోయాయి. విడిపించుకోవడానికి అప్పు తెచ్చాడు. గార్డు దెబ్బలు కొట్టాడు. దీనికి కాగితం ఎవరిస్తారు? అటవీ కేసు రికార్డుకెక్కినా అందులో అతను దేశభక్తుడు కాడు, అడవి దొంగ. గార్డుకు బట్టలుతకనన్న చాకలికి ఏ జైలు సర్టిఫికెట్టు వస్తుంది? జైలుకు పోయినవాళ్ల త్యాగం చిన్నదని ఎవరూ అనరు. జైలుకు పోకుండా నష్టపోయినవాళ్ల త్యాగం లెక్కలోకే రాలేదన్నది మన బాధ.

ఆ తరం ఇప్పుడు లేదు. వాళ్లకు పింఛను ఇప్పించడం ఎవరి తరమూ కాదు. అయితే వాళ్లు పింఛను కోసం పోరాడలేదు గదా. మేత కోసం, కట్టె కోసం పోరాడారు. ఆ బాకీ ఇంకా తీరలేదు.

ఇప్పుడు చేయవలసింది

2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. అడవిలో నివసించేవాళ్లకు చారిత్రకంగా అన్యాయం జరిగిందని ఆ చట్టమే ఒప్పుకుంది. పోడు భూములకు పట్టాలిచ్చే చట్టంగానే దీన్ని చాలామంది ఎరుగుదురు. అందులో పశువుల మేత హక్కు కూడా స్పష్టంగా ఉంది. ఒకచోట ఉండి మేపుకునేవాళ్లకూ, మందలు తోలుకుంటూ తిరిగేవాళ్లకూ ఉంది. కలప కాని అటవీ ఫలసాయం మీద హక్కు ఉంది. ఇవి ఊరికి ఉమ్మడిగా వచ్చే హక్కులు. పుల్లరి కట్టం అన్న పల్లెలు అడిగింది సరిగ్గా ఇదే.

మరి ఎందుకు అందడం లేదు? గిరిజనేతరులకు ఒక పెద్ద మెలిక ఉంది. 2005 డిసెంబరు 13 నాటికి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, ఆ అడవిలో నివాసముండి దాన్ని ఆధారం చేసుకొని బతికినట్లు చూపాలి. అక్షరం రాని తాతముత్తాతల బతుకుకు కాగితం చూపమంటే పేదవాడు ఎక్కడినుంచి తెస్తాడు? పింఛను దగ్గర అడ్డుపడిన కాగితమే మేత దగ్గరా అడ్డుపడుతోంది. ఈ నిబంధన సడలించాలని రైతు, వ్యవసాయ కార్మిక సంఘాలు గట్టిగా అడగవలసి ఉంది.

అడుగుతూనే, ఉన్న చట్టాన్ని కూడా వాడుకోవాలి. ఈ చట్టం కింద చేసిన నిబంధనల్లో 13వ నిబంధన రుజువుల గురించి చెబుతుంది. ప్రభుత్వ రికార్డులు, గెజెట్టీర్లు, పటాలు మాత్రమే రుజువు కావు. ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అదీ రుజువే. సంప్రదాయంగా పశువులు మేపుకునే చోట్లు కూడా ఉమ్మడి హక్కుకు రుజువే. ఒక్క రుజువుతో సరిపోదు, ఒకటికి మించి ఉండాలి. ఉమ్మడి హక్కులకు ఫారం ‘బి’ నింపి గ్రామసభ ముందు పెట్టాలి. గ్రామసభ తీర్మానంతో అది డివిజను కమిటీకి, అక్కడినుంచి జిల్లా కమిటీకి పోతుంది.

కనుక అడవి అంచున ఉన్న ప్రతి ఊళ్లోనూ ఈ పని మొదలుపెట్టండి. ఎనభై దాటిన తాతలు, అవ్వలు ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. మంద ఏ బాటన పోయేది, ఏ కుంట దగ్గర నీళ్లు తాగేది, ఏ గుట్ట ఏ ఊరికి మేత, పుల్లరి ఎవరికి కట్టారు, ఎందుకు మానేశారు, ఎవరి గొడ్లు బందెలదొడ్డికి పోయాయి, అన్నీ అడిగి రాయండి. సంతకమో వేలిముద్రో వేయించండి. ఊరి కరణం పాత లెక్కలు, పాత అటవీ కేసుల కాగితాలు ఎవరి పెట్టెలోనైనా ఉంటే బయటికి తియ్యండి. అప్పుడు ‘అడవి దొంగ’ అని రాసి జరిమానా వేసిన ఆ కాగితమే ఇవాళ మీ ఊరు నూరేళ్లుగా ఆ అడవిలో పశువులు మేపుతోందనడానికి సాక్ష్యమవుతుంది.

హనుమంతుకు, గున్నమ్మకు దండలు వేసే రోజు ఏడాదికి ఒకసారి వస్తుంది. వెయ్యవలసిందే. వాళ్ల పేరున గ్రామసభలో ఫారం ‘బి’ పెట్టడానికి మాత్రం ఏ తిథీ చూడనక్కర లేదు. ఈ వేసవిలో మందలు అడవి దారి పట్టకముందే పెట్టండి.